సోలారా, ఫ్యాన్లా, గ్యాసా: నెల్లూరు, ప్రకాశం ఇళ్ళలో ఏ సాయం ముందు తీసుకోవాలి?

ఇప్పుడు ఊళ్ళో ఎవరిని కదిపినా సోలార్ మాటే. "78 వేలు గవర్నమెంటే ఇస్తుందంట" అని ఒకరు, "ఎస్సీ, ఎస్టీలకైతే పైసా కట్టక్కర్లేదంట" అని ఇంకొకరు, "ఇక జన్మలో కరెంటు బిల్లే రాదంట" అని మూడో ఆయన. మూడు మాటల్లోనూ ఎంతో కొంత నిజముంది. అయితే సబ్సిడీ ఎంత అన్నది ఒక ప్రశ్న, ఆ సబ్సిడీ మన ఇంటికి పనికొస్తుందా అన్నది వేరే ప్రశ్న. నెలకు 60 యూనిట్లు కాల్చే ఇల్లు అప్పు చేసి ప్యానెళ్ళు పెట్టుకుంటే, బిల్లు పోయి దానికి మించిన వాయిదా వచ్చి కూర్చుంటుంది. నెలకు 250 యూనిట్లు కాల్చే ఇల్లు పెట్టుకోకపోతే ఏటా వేలు పోగొట్టుకుంటున్నట్టే.

అందుకే పథకం పేర్లు కాసేపు పక్కన పెట్టి, ముందు మన ఇంటి సంగతి చూసుకుందాం.

## ముందు తేల్చుకోవాల్సినవి

యూనిట్లు ఎన్ని? బిల్లు రూపాయల్లో కాదు, యూనిట్లలో చూడండి. ఒక్క నెల బిల్లు చాలదు. మే నెలది ఒకటి, డిసెంబరుది ఒకటి, మధ్యలో ఇంకొకటి తీసి సగటు కట్టండి. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే ఎండకు మూడు ఫ్యాన్లు రాత్రింబవళ్ళు తిరిగిన నెల బిల్లు చూసి సోలార్ సైజు నిర్ణయించేస్తే, మిగతా పది నెలలూ అంత అవసరం ఉండదు.

పైకప్పు ఏమిటి, ఎవరిది? సిమెంటు స్లాబా, నాపరాళ్ళ మిద్దెనా, రేకులా, పెంకులా, తాటాకా? కిలోవాట్‌కు దాదాపు 100 చదరపు అడుగుల నీడ పడని చోటు కావాలి. కొబ్బరి చెట్టు నీడ మధ్యాహ్నం మూడింటికి ఎక్కడ పడుతుందో కూడా చూడాలి. ఒకే ప్యానెల్ మీద నీడ పడినా, వరసగా కలిపిన మిగతా ప్యానెళ్ళ ఉత్పత్తి కూడా పడిపోవచ్చు.

మీటరు ఎవరి పేరున ఉంది? ఎక్కువ దరఖాస్తులు ఆగేది ఇక్కడే. తాత పేరున మీటరు, నాన్న పేరున ఇంటి పన్ను, కొడుకు పేరున బ్యాంకు ఖాతా. ఇవి కలవకపోతే సబ్సిడీ ఖాతాలో పడదు. పోర్టల్ తెరిచే ముందే సచివాలయంలోనో మీసేవలోనో పేరు మార్పుకు అర్జీ పెట్టుకోండి.

ముందుగా చేతి నుంచి ఎంత పెట్టగలరు? సోలార్ సబ్సిడీ పని పూర్తయి, తనిఖీ అయ్యాక వస్తుంది. అప్పటిదాకా ఆ డబ్బు మీదో బ్యాంకుదో అయి ఉండాలి.

మీ డిస్కం, అంటే కరెంటు పంపిణీ కంపెనీ, ఏది? నెల్లూరు తిరుపతి కేంద్రంగా ఉన్న దక్షిణ డిస్కం కిందకొస్తుంది, ఒంగోలు విజయవాడ కేంద్రంగా ఉన్న మధ్య డిస్కం కిందకొస్తుంది. కందుకూరు తట్టు 2022 నుంచి జిల్లా సరిహద్దులు మారాయి కాబట్టి, జిల్లా పేరు చూసి కాకుండా బిల్లు మీద ఏ కంపెనీ పేరుంటే ఆ కరెంటాఫీసుకే వెళ్ళండి.

## అసలు కీలకం శ్లాబుల్లో ఉంది

రాష్ట్రంలో ఇళ్ళ కరెంటుకు 2022లో వచ్చిన శ్లాబులు, అంటే వాడకం పెరిగేకొద్దీ ధర పెరిగే మెట్లు, ఇవి. రేటు మారిందేమో మీ తాజా బిల్లుతో ఒకసారి పోల్చుకోండి.

| నెల వాడకంలో ఏ యూనిట్లు | యూనిట్ ధర |
|---|---|
| మొదటి 30 | రూ. 1.90 |
| 31 నుంచి 75 | రూ. 3.00 |
| 76 నుంచి 125 | రూ. 4.50 |
| 126 నుంచి 225 | రూ. 6.00 |
| 226 నుంచి 400 | రూ. 8.75 |
| 400 పైన | రూ. 9.75 |

దీని మీద ఫిక్స్‌డ్ ఛార్జీ, కస్టమర్ ఛార్జీ, ఇంధన సర్దుబాటు, సుంకం ఉంటాయి. వాటిని వదిలేసి ఒట్టి కరెంటు ఖరీదు చూస్తే, 60 యూనిట్లకు 147 రూపాయలు, 120కి సుమారు 395, 200కు 867, 250కి 1,236, 300కు 1,673. వాడకం 60 నుంచి 300కు, అంటే ఐదింతలు పెరిగితే ఖరీదు పదకొండింతలు పెరిగింది. మిగిల్చే యూనిట్ ఎప్పుడూ పై శ్లాబులోంచే మిగులుతుంది. ఎక్కువ కాల్చే ఇంటికి ఒక్క యూనిట్ తగ్గినా ఎనిమిది రూపాయలు, తక్కువ కాల్చే ఇంటికి మూడు రూపాయలు. కింద చెప్పేదంతా ఈ లెక్క మీదే నడుస్తుంది.

## పీఎం సూర్యఘర్: సొంతంగా పెట్టుకునే సోలార్

2024 ఫిబ్రవరిలో మొదలైన పథకం. దేశంలో కోటి ఇళ్ళు లక్ష్యం, 2026-27 వరకు గడువు, 75,021 కోట్ల కేటాయింపు. కేంద్రం ఇచ్చేది మొదటి రెండు కిలోవాట్లకు కిలోవాట్‌కు 30 వేల చొప్పున, మూడో కిలోవాట్‌కు 18 వేలు. ఆ పైన ఎన్ని పెట్టుకున్నా 78 వేల దగ్గర ఆగిపోతుంది. బీసీ కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం కిలోవాట్‌కు 10 వేల చొప్పున, రెండు కిలోవాట్ల వరకు, అదనంగా ఇస్తామంది. అంటే 2 కిలోవాట్లు పెట్టుకున్న బీసీ ఇంటికి మొత్తం 80 వేలు.

మన ఎండకు ఒక కిలోవాట్ ఏడాది సగటున రోజుకు నాలుగు యూనిట్లు, నెలకు 120 ఇస్తుందనుకోవచ్చు. అక్టోబరు, నవంబరుల్లో ఈశాన్య రుతుపవనాలు పట్టినప్పుడు తగ్గుతుంది, మార్చి, ఏప్రిల్లో పెరుగుతుంది.

బిగించడానికి కిలోవాట్‌కు 65 వేలు అవుతుందని అనుకుని వేసిన లెక్క ఇది. మీకు కొటేషన్ ఎంత ఇస్తే ఆ అంకె వేసి మళ్ళీ చేసుకోండి. గ్రిడ్‌కు, అంటే తిరిగి కరెంటు లైనుకు, పోయే మిగులు కరెంటుకు వచ్చే డబ్బును, బ్యాంకు వడ్డీని ఇందులో కలపలేదు.

| నెల వాడకం | సైజు | సబ్సిడీ పోను మన ఖర్చు | నెలకు మిగిలేది | అసలు తీరేందుకు | బీసీ అదనంతో |
|---|---|---|---|---|---|
| 60 యూనిట్లు | 1 కిలోవాట్ | 35 వేలు | రూ. 147 | దాదాపు 20 ఏళ్ళు | 14 ఏళ్ళు |
| 120 | 1 కిలోవాట్ | 35 వేలు | రూ. 395 | ఏడున్నర ఏళ్ళు | అయిదేళ్ళ పైన |
| 200 | 2 కిలోవాట్లు | 70 వేలు | రూ. 867 | ఆరేళ్ళ ఎనిమిది నెలలు | అయిదేళ్ళ లోపు |
| 250 | 2 కిలోవాట్లు | 70 వేలు | రూ. 1,217 | అయిదేళ్ళ లోపు | మూడున్నర ఏళ్ళు |
| 300 | 2 కిలోవాట్లు | 70 వేలు | రూ. 1,526 | నాలుగేళ్ళ లోపు | మూడేళ్ళ లోపు |

పై వరసను కింది వరసతో పోల్చి చూడండి. ప్యానెల్ ఒకటే, ఎండ ఒకటే, అయినా పేద ఇంటికి 20 ఏళ్ళు పట్టేది కాస్త కలిగిన ఇంటికి నాలుగేళ్ళలో తీరుతోంది. పథకాన్ని తప్పుపట్టడానికి చెప్పడం లేదు. తక్కువ వాడే వాళ్ళ కరెంటు ఇప్పటికే చవక, దాన్ని మిగిల్చి కూడబెట్టేది పెద్దగా ఉండదు, అంతే.

ఇంకో చిక్కు మూడో కిలోవాట్ దగ్గర ఉంది. ఏజెంట్లు "78 వేల సబ్సిడీ మొత్తం రావాలంటే మూడు కిలోవాట్లు వేయించుకోండి" అంటారు. 300 యూనిట్ల ఇంటికి రెండు కిలోవాట్లు పెట్టాక మిగిలే వాడకం 60 యూనిట్లే, దాని ఖరీదు 147 రూపాయలు. మూడో కిలోవాట్‌కు 65 వేలు పెడితే వచ్చే సబ్సిడీ 18 వేలు. అంటే మన జేబులోంచి 47 వేలు పోసి నెలకు 147 మిగిల్చుకుంటాం. ఏసీ పెట్టే ఆలోచనో, కరెంటు బండి కొనే ఆలోచనో ఉంటే తప్ప రెండు దగ్గర ఆగడమే మేలని నా అభిప్రాయం.

అప్పు సంగతి. 3 కిలోవాట్ల లోపు సోలార్‌కు బ్యాంకులు తాకట్టు లేకుండా 2 లక్షల దాకా, పదేళ్ళ వరకు వాయిదాల మీద, మామూలు పర్సనల్ లోను కంటే బాగా తక్కువ వడ్డీకి ఇస్తున్నాయి. 70 వేలు ఆరున్నర శాతానికి పదేళ్ళకు తీసుకుంటే నెల వాయిదా సుమారు 800. 250 యూనిట్ల ఇంటికి మొదటి నెల నుంచే లాభం. 200 యూనిట్ల ఇంటికి సరికి సరి. 120 యూనిట్ల ఇల్లు రెండు కిలోవాట్లు పెడితే 395 బిల్లు పోయి 800 వాయిదా తగులుతుంది. ఇంకో జాగ్రత్త: సబ్సిడీ ఖాతాలో పడగానే వేరే ఖర్చుకు తీయకుండా లోనుకు జమ చేయండి. పంట పెట్టుబడి రోజుల్లో ఆ డబ్బు నిలవదు.

కరెంటు పోతే? బ్యాటరీ లేని సోలార్, లైను కరెంటు పోయిన క్షణమే తనూ ఆగిపోతుంది. స్తంభం మీద పనిచేసే లైన్‌మేన్‌కు షాక్ కొట్టకుండా ఇన్వర్టర్‌లో ఆ ఏర్పాటు పెడతారు. "సోలార్ ఉంది కదా, కోత ఉన్నా ఫ్యాన్ తిరుగుతుంది" అని అమ్మేవాళ్ళు చెబితే నమ్మొద్దు. కోతల బాధే మీ అసలు బాధైతే మామూలు ఇన్వర్టర్, బ్యాటరీ వేరే కొనుక్కోవాలి.

మన ప్రాంతం అడిగే ప్రశ్నలు. ఇందుకూరుపేట, అల్లూరు, ముత్తుకూరు, సింగరాయకొండ, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్ళలో ఉప్పుగాలికి ఇనుము మూడేళ్ళలోనే పొట్టు రేగుతుంది. స్టాండుకు వేడి జింకు పూత వేసిన ఇనుమో అల్యూమినియమో కావాలని, ఎంత గాలివేగానికి తట్టుకుంటుందో కొటేషన్లో రాసివ్వాలని అడగండి. తుఫాను దారిలో ఉన్న ఊళ్ళు మనవి. చీమకుర్తి చుట్టుపక్కల రాళ్ళ పొడి బాధ వేరు. అక్కడ పదిహేను రోజులకోసారైనా పొద్దున్నే నీళ్ళు కొట్టి కడగకపోతే ఉత్పత్తి పడిపోతుంది. కనిగిరి, పొదిలి వైపు నీళ్ళకే కటకటగా ఉన్నచోట ఉప్పునీళ్ళతో కడిగితే అద్దం మీద తెల్లటి చారలు కడతాయి. మెత్తటి తడిబట్టతో తుడవండి.

దరఖాస్తు పీఎం సూర్యఘర్ పోర్టల్లో సర్వీసు నంబరుతో చేసుకోవచ్చు, దానికి ఫీజు లేదు. 10 కిలోవాట్ల లోపైతే సాంకేతిక పరిశీలన పేరుతో డిస్కం ఆపకూడదని 2024లో సవరించిన నిబంధనలు చెబుతున్నాయి. పోర్టల్లో నమోదైన వెండర్లలో ఎవరినైనా మీరే ఎంచుకోవచ్చు. ప్యానెళ్ళు దేశంలో తయారైనవి, వాటిలోని సెల్స్ కూడా దేశీయమైనవే అయి ఉండాలి, లేకుంటే సబ్సిడీ రాదు. అయిదేళ్ళు మరమ్మతు బాధ్యత వెండర్‌దే. ఒంగోల్లోనో నెల్లూర్లోనో ఆఫీసున్న వాళ్ళను చూసుకుంటే, హైదరాబాదుకు ఫోన్ చేసి ఎదురుచూసే పని ఉండదు.

## ఎస్సీ, ఎస్టీ ఇళ్ళకు ఉచిత సోలార్

రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీ, ఎస్టీ ఇళ్ళపై 2 కిలోవాట్ల దాకా ఉచితంగా పెట్టిస్తామని చెప్పి, ఆ బాధ్యత డిస్కంలకు అప్పగించింది. కేంద్రం సబ్సిడీ పోను మిగిలింది రాష్ట్రం భరిస్తుంది. వెండర్‌ను వెతుక్కోవడం, లోను, వాయిదా ఏవీ ఉండవు. పైన చెప్పిన 20 ఏళ్ళ లెక్క ఇక్కడ వర్తించదు, ఎందుకంటే మన పెట్టుబడి సున్నా.

అయినా సంతకం పెట్టే ముందు ఆలోచించాల్సినవి ఉన్నాయి. ఎస్సీ, ఎస్టీ కాలనీల్లో నెలకు 200 యూనిట్ల దాకా ఇప్పటికే ఉచితం. చాలా ఇళ్ళకు బిల్లే రావడం లేదు. బిల్లు లేని ఇంటికి సోలార్‌తో కొత్తగా ఏం ఒరుగుతుందన్నది న్యాయమైన ప్రశ్నే. అందుకని కరెంటాఫీసు వాళ్ళు సర్వేకు వచ్చినప్పుడు మూడు సంగతులు అడిగి, కాగితం మీద రాయించుకోండి: సోలార్ పెట్టాక 200 యూనిట్ల రాయితీ ఉంటుందా, మారుతుందా, మిగులు కరెంటు డబ్బు ఎవరి ఖాతాకు వెళుతుంది, మధ్యలో ఇల్లు పైకి కట్టుకోవాలంటే ప్యానెళ్ళు ఎవరు తీయిస్తారు. మూడో దాన్ని చాలామంది మర్చిపోతారు. కొడుకు పెళ్ళికి పైన గది వేద్దామనుకుంటున్న ఇంట్లో మిద్దె మొత్తం ప్యానెళ్ళకు ఇస్తే తర్వాత తగువే.

నెల్లూరు జిల్లాలోని యానాది కుటుంబాల్లో చాలామందికి అసలు చిక్కు సోలార్ కంటే ముందే ఉంది. గుడిసె, పట్టా లేని జాగా, సొంత పేరున మీటరు లేకపోవడం. వాళ్ళు ముందు పట్టుకోవాల్సింది గృహనిర్మాణ పథకాన్ని, మీటరును. గ్రామీణ ఆవాస్ యోజన కింద కేంద్ర సాయం మైదాన ప్రాంతంలో ఇంటికి 1.20 లక్షలు. ఇల్లు కడుతున్నప్పుడే స్లాబు మీదకు మెట్లు, దక్షిణం వైపు నీడలేని జాగా వదలమని మేస్త్రీకి చెబితే అదనంగా ఖర్చేమీ కాదు.

ఎర్రగొండపాలెం, దోర్నాల వైపు నల్లమలలోని చెంచు గూడేల సంగతి వేరు. లైను వేయడం కుదరని ఆవాసాలకు బాగా వెనకబడ్డ గిరిజన తెగల కోసం కేంద్రం పెట్టిన పీఎం జన్‌మన్ కింద ఇంటికి 50 వేల దాకా వెచ్చించి బ్యాటరీతో కూడిన చిన్న సోలార్ యూనిట్ ఇచ్చే ఏర్పాటు ఉంది. అది లైట్లకు, ఫ్యానుకు, ఫోను ఛార్జింగుకు. పైన చెప్పిన సబ్సిడీతో దాన్ని పోల్చుకోవడానికి లేదు.

## ఫ్యాన్లు, లైట్లు: ఎవరూ మాట్లాడని ఎంపిక

దీన్ని గురించి ఎవరూ ఇంటికొచ్చి చెప్పరు, కమీషన్ లేదు కాబట్టి. పాత సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటుంది. తక్కువ కరెంటు తీసుకునే ఎలక్ట్రానిక్ మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ 30 వాట్ల దగ్గర అదే గాలి ఇస్తుంది. రోజుకు 16 గంటలు తిరిగితే ఒక్కో ఫ్యాన్‌కు నెలకు 21 యూనిట్ల పైన తేడా. రెండు ఫ్యాన్లకు 43 యూనిట్లు.

120 యూనిట్ల ఇంట్లో ఆ 43 తగ్గితే 194 రూపాయలు మిగులుతాయి. 200 యూనిట్ల ఇంట్లో 258. 250 యూనిట్ల ఇంట్లో 327. జత ఫ్యాన్లు 5,600కు దొరికాయనుకుంటే, చిన్న ఇంటికి రెండున్నర ఏళ్ళలో, పెద్ద ఇంటికి ఏడాదిన్నరలో ఖర్చు తీరుతుంది. సోలార్‌కు ఏడేళ్ళు పట్టే ఇంటికి ఇది రెండున్నర ఏళ్ళలో వచ్చేస్తోందంటే, ముందు ఏది చేయాలో వేరే చెప్పక్కర్లేదు. ఇంకో లాభం: ఫ్యాన్లు మార్చాక వాడకం తగ్గితే, సోలార్ కూడా చిన్నది సరిపోతుంది. వరస తిరగేసి, ముందు సోలార్ పెట్టి తర్వాత ఫ్యాన్లు మారిస్తే, అవసరం లేని ప్యానెల్‌కు డబ్బు పోసినట్టవుతుంది.

ప్రభుత్వ చెయ్యి ఇందులో సబ్సిడీగా తక్కువ, నియమంగా ఎక్కువ. 2023 జనవరి నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ ఇచ్చే స్టార్ గుర్తు తప్పనిసరి అయింది. అయిదు నక్షత్రాలున్నది కొనండి, వాట్లు పెట్టె మీద చదవండి. 2015లో ఉజాలా పథకం మొదలయ్యాక ఎల్‌ఈడీ బల్బుల ధరలు ఎంత పడ్డాయో అందరూ చూశాం. ఇప్పటికీ చోక్ ఉన్న పాత ట్యూబులైటు వసారాలో వెలుగుతుంటే, అది 50 వాట్ల పైనే తింటోంది. 20 వాట్ల ఎల్‌ఈడీ పట్టీతో మార్చేయండి. ఇదంతా మీ వాయిదాలో, బ్యాంకులో, పోర్టల్లో ఎక్కడా ఇరుక్కోదు, సంతలో కొని సాయంత్రానికి బిగించుకునే పని.

బీఎల్‌డీసీకి ఒక లోపముంది. లోపల ఎలక్ట్రానిక్ బోర్డు ఉంటుంది, ఓల్టేజి ఎగుడుదిగుడుకు పోతే వీధి చివర మెకానిక్ బాగుచేయలేడు. ఓల్టేజి సమస్య ఉన్న ఊళ్ళలో సర్వీసు కేంద్రం నెల్లూర్లోనో ఒంగోల్లోనో ఉన్న కంపెనీవే తీసుకోవడం మంచిది.

## మిద్దె, రేకులు

వేడికి అసలు మూలం పైకప్పే. పగలంతా కాగిన స్లాబు రాత్రి పదకొండింటి దాకా లోపలికి వేడి వదులుతూనే ఉంటుంది. ఫ్యాన్ ఆ వేడిగాలినే తిప్పుతుంది. ఫిబ్రవరి చివర్లో మిద్దెను శుభ్రంగా ఊడ్చి, తెల్ల సున్నంలో కాస్త బంక కలిపి రెండు పూతలు వేస్తే గది వేడి కొన్ని డిగ్రీలు తగ్గుతుంది. పైన ప్యానెళ్ళు పడితే ఆ మేర నీడ వల్ల కూడా తగ్గుతుంది. ఇది చేతి ఖర్చే, అయినా ఈ జాబితాలో రూపాయికి ఎక్కువ సుఖం ఇచ్చేది ఇదే అనుకుంటాను. ఈశాన్య వానలకు పూత కొట్టుకుపోతుంది కాబట్టి ప్రతి ఏడూ వేయాలి.

రేకుల ఇంటికి తెల్ల రంగు మరీ అవసరం. కొందరు రేకుల మీద తాటాకో కొబ్బరి మట్టలో పరుస్తారు, చల్లగానే ఉంటుంది, కానీ ఎండాకాలం నిప్పు రవ్వ పడితే అంతే సంగతి. ఇక రేకుల మీద నేరుగా ప్యానెళ్ళు బిగిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. ఆస్‌బెస్టాస్ రేకు ఆ బరువును, తుఫాను గాలి పట్టును మోయదు. గోడల మీంచో నేల నుంచో ఇనుప స్తంభాలు లేపాలి, దానికి ఖర్చు పెరుగుతుంది.

## వంటిల్లు

ప్రకాశం పడమటి ఊళ్ళలో, నెల్లూరు మెట్ట ఊళ్ళలో సర్కారు తుమ్మ ఊరికే దొరుకుతుంది. అందుకే గ్యాసు కనెక్షన్ ఉన్న ఇంట్లో కూడా పప్పు పొయ్యి మీదే ఉడుకుతుంది. కట్టె ఉచితం సరే, పొగ ఉచితం కాదు.

రాష్ట్ర ప్రభుత్వ దీపం-2 పథకం కింద రేషన్ కార్డున్న ఇళ్ళకు ఏటా మూడు సిలిండర్లు ఉచితం, 2024 నవంబరు నుంచి. ఏప్రిల్ నుంచి జులై, ఆగస్టు నుంచి నవంబరు, డిసెంబరు నుంచి మార్చి, ఒక్కో విడతకు ఒక్కటి. విడత దాటితే ఆ సిలిండర్ పోయినట్టే, తర్వాత రెండు కలిపి ఇవ్వరు. ఉజ్వల కనెక్షన్ అయితే సిలిండర్‌కు 300 కేంద్ర సబ్సిడీ కూడా ఉంటుంది, 2025-26కు ఏటా తొమ్మిది రీఫిళ్ళ దాకా. కనెక్షనే లేని పేద ఇంటి ఆడవాళ్ళకు ఉజ్వలలో డిపాజిట్ లేకుండా ఇస్తారు, మొదటి సిలిండర్, స్టవ్ కలిపి. దీపం వాడుకోవాలన్నా ముందు కనెక్షన్ ఉండాలి కాబట్టి, కనెక్షన్ లేకపోతే ఈ మొత్తం వ్యాసంలో మీరు మొదట చేయాల్సిన పని ఇదే.

గేదెలున్న ఇంటికి గోబర్ గ్యాసు ఇంకో దారి. రెండు ఘనపు మీటర్ల ప్లాంటుకు రోజుకు దాదాపు 50 కిలోల పేడ కావాలి, అంటే కట్టేసి మేపే నాలుగైదు పశువులు. నెలకు రెండు సిలిండర్ల వంట దాకా నడుస్తుంది, మడ్డి పొలానికి ఎరువు. అయితే పశువుల్ని తోలుకెళ్ళి మేపే ఊళ్ళలో పేడ ఇంటికి చేరదు, నీళ్ళు లేని ఎండాకాలంలో కలపడానికీ ఉండవు. సంగం, బుచ్చిరెడ్డిపాళెం లాంటి పెన్న ఆయకట్టు ఊళ్ళలో కుదిరినంతగా కనిగిరి వైపు కుదరదు. సబ్సిడీ వివరాలకు రాష్ట్ర పునరుత్పాదక ఇంధన సంస్థ నెడ్‌క్యాప్ జిల్లా ఆఫీసులో అడగాలి.

ఇండక్షన్ పొయ్యి గురించి ఒక లెక్క. ఒక సిలిండర్ చేసే పని ఇండక్షన్ మీద చేయాలంటే నా అంచనాలో 120 యూనిట్లు కావాలి. అది బిల్లులో పై శ్లాబులోకే వెళ్ళి కూర్చుంటుంది. సోలార్ మిగులు ఉన్న ఇంటికి, అదీ పగటి వంటకైతే బాగుంటుంది. లేని ఇంటికి వద్దు.

## పక్కపక్కన పెట్టి చూస్తే

| ఎంపిక | ముందు మన చేతి ఖర్చు | ఎవరికి నప్పుతుంది | ఎవరికి వద్దు |
|---|---|---|---|
| సూర్యఘర్ 2 కిలోవాట్లు | సబ్సిడీ వచ్చేదాకా మొత్తం, లేదా లోను | 200 యూనిట్లు దాటే స్లాబు ఇల్లు | 100 లోపు వాడే ఇల్లు, రేకుల ఇల్లు |
| ఉచిత 2 కిలోవాట్లు | లేదు | స్లాబు, సొంత మీటరు ఉన్న ఎస్సీ, ఎస్టీ ఇల్లు | త్వరలో పై అంతస్తు వేసుకునే ఇల్లు |
| బీఎల్‌డీసీ ఫ్యాన్లు, ఎల్‌ఈడీ | కొన్ని వేలు | దాదాపు అందరికీ | 200 యూనిట్ల ఉచితంతో బిల్లు రాని ఇల్లు |
| మిద్దెకు సున్నం | కొన్ని వందలు | స్లాబు, రేకులు రెండూ | పెంకుటిల్లు |
| దీపం-2, ఉజ్వల | సిలిండర్ డబ్బు ముందు కడితే తర్వాత ఖాతాలో పడుతుంది | కార్డున్న ప్రతి ఇల్లు | - |
| గోబర్ గ్యాసు | సబ్సిడీ పోను మిగతాది | నాలుగైదు పశువులు, నీళ్ళు ఉన్న ఇల్లు | మేతకు తోలే పశువులున్న ఇల్లు |

## మీ ఇల్లు ఇందులో ఏది?

ఇద్దరే ఉండే పెద్దవాళ్ళు, నెలకు 60, 70 యూనిట్లు, పింఛను మీద బతుకు. సోలార్ ఊసే వద్దు, ఎవరెంత చెప్పినా. సున్నం, ఒక మంచి ఫ్యాన్, దీపం సిలిండర్లు విడత తప్పకుండా బుక్ చేసుకోవడం. అంతే.

కావలిలోనో ఒంగోల్లోనో సొంత డాబా ఉన్న బీసీ కుటుంబం, కుట్టు మిషన్, ఫ్రిజ్, పిల్లల చదువు, నెలకు 200 నుంచి 250 యూనిట్లు. ముందు ఫ్యాన్లు మార్చి మూడు నెలల బిల్లులు చూడండి. అప్పటికీ 180 పైన వస్తే రెండు కిలోవాట్లు, 80 వేల సాయంతో, కళ్ళు మూసుకుని వేయించుకోవచ్చు. బీసీ అదనం ఏ దశలో, ఎవరి ద్వారా ఇస్తారో డిస్కం ఆఫీసులో అడిగాకే వెండర్‌కు అడ్వాన్సు ఇవ్వండి.

నెలకు 120 యూనిట్లు కాల్చే ఓసీ చిన్న రైతు ఇల్లు మధ్యలో చిక్కుకుంటుంది. అదనపు రాయితీ లేదు, ఉచితం లేదు, లాభం నెమ్మది. చేతిలో డబ్బుంటే ఒక కిలోవాట్ పర్వాలేదు, ప్యానెల్ 25 ఏళ్ళు ఉండేది కాబట్టి. అప్పు చేసి మాత్రం వద్దు. పంట పోయిన ఏడు ఆ వాయిదా కూడా మెడకు చుట్టుకుంటుంది.

చివరగా అన్నదమ్ముల ఉమ్మడి ఇల్లు. కింద అన్న, పైన తమ్ముడు, మీటర్లు రెండు, మిద్దె ఒక్కటి. సబ్సిడీ మీటరుకొకటి వస్తుంది, మిద్దె హక్కు కాగితంలో ఇద్దరిదీ ఉంటుంది. ఒకరు ముందు దరఖాస్తు పెట్టి మొత్తం జాగా ఆక్రమించాక రెండో వాళ్ళకు చోటు మిగలదు. దరఖాస్తుకు ముందే మిద్దెను సగం సగం కొలిచి, ఎవరి ప్యానెళ్ళు ఎటు, కడగడానికి నీళ్ళ పైపు ఎక్కడిది, పైన గది వేస్తే ఎవరివి కదపాలి అన్నవి తెల్ల కాగితం మీద రాసుకుని, ఇద్దరూ సంతకాలు చేసి ఆ కాగితాన్ని ఇంటి దస్తావేజులతో పాటు పెట్టుకోండి.